బిస్కెట్ డబ్బాలో మూడు సంతకాలు

యూనివర్సిటీ క్యాంపస్‌లో కంప్యూటర్ విభాగం వాళ్లు పోయిన నెల ఫోన్ చేసి, ఈ రంగంలోకి వస్తున్న పిల్లల కోసం నా ఉద్యోగ అనుభవాలు రాసిమ్మన్నారు. ఫోన్ చేసిన మాస్టారు పెట్టేసే ముందు ఒక మాట అన్నారు. "జెర పాజిటివ్‌గా రాయుండ్రి మేడం. పిల్లలు ఇన్‌స్పైర్ కావాలె." అప్పటికి సరే అన్నాను. రాయడానికి కూర్చున్నాక పాజిటివ్‌గా ఒక్క వాక్యం రావడం లేదు. వచ్చేదల్లా కోపమే. కాబట్టి కోపంగానే రాస్తాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే లేదు.

నేను ఇరవై ఏడేళ్లు తెరలు గీశాను. కంప్యూటర్లో, ఫోన్లో మీ కళ్ల ముందుకొచ్చే తెర మీద ఏ బటన్ ఎక్కడ ఉండాలి, దాని మీద ఏ మాట రాయాలి, ఏది దాచాలి, ఏది చూపాలి, ఇదీ నా పని. మొదట బ్యాంకులకు, ఆసుపత్రులకు చేశాను. ఆఖరి ఏడేళ్లు క్రిప్టో కరెన్సీ దాచుకునే సంస్థలకు చేశాను. ప్రమోషన్ల గురించి, శాలువాల గురించి రాయను. ఆ మెమెంటోలన్నీ అటక మీద ఉన్నాయి, వాటి దుమ్ము దులిపే ఓపిక నాకు లేదు. నేను చేసిన ఒక బటన్ గురించి, దానివల్ల దొంగ అనిపించుకున్న ఒక మనిషి గురించి రాస్తాను.

మూడు క్లిక్కులు

క్రిప్టో కరెన్సీ దాచే వాలెట్ అనగానే అందులో డబ్బుంటుందని అనుకుంటారు. ఉండదు. అందులో ఉండేది ఒక రహస్య సంఖ్య. ఆ సంఖ్య ఎవరి చేతిలో ఉంటే సొమ్ము వాళ్లది. పొరపాటున వేరే చోటికి పంపితే వెనక్కి తెప్పించే మేనేజరు లేడు, దరఖాస్తు తీసుకునే కౌంటరు లేదు. అందుకే సంస్థలు దాన్ని ఒక్కరి చేతిలో పెట్టవు. ముగ్గురు పెద్దవాళ్లకు తలా ఒక చిన్న పరికరం ఇస్తాయి, బొటనవేలంత ఉంటుంది. ముగ్గురూ ఎవరి కంప్యూటర్లో వాళ్లు లాగిన్ అయి, ఎవరి పరికరం వాళ్లు గుచ్చి, ఎవరి పిన్ వాళ్లు కొడితేనే సొమ్ము కదులుతుంది. ఇందులో గొప్ప శాస్త్రమేమీ లేదు. మూడు జతల కళ్లు చూస్తాయి, ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకుంటారు. భద్రత అంతా ఆ కళ్లలోనే ఉంది.

మా ఆఫీసు తార్నాకలో, మెయిన్ రోడ్డు మీదే. కింద టిఫిన్ సెంటరు, పైన మేము. పొద్దుటి మీటింగులన్నీ సాంబారు వాసనలోనే జరిగేవి. మా ప్రోడక్ట్ హెడ్ పేరు విక్రమ్. నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, చురుకైనవాడు, కష్టపడేవాడు. లోకంలో ఎవరూ ఏదీ చదవరని మాత్రం గట్టిగా నమ్మేవాడు.

"మూడు క్లిక్కులల్ల పని అయిపోవాలె మేడం," అనేవాడు. "నాలుగోది ఉన్నదంటే మనం ఫెయిలైనట్టే. కంపెనీల పైసలు చూసే సీఎఫ్ఓలకు టైం ఉంటదా చెప్పుండ్రి?"

మొదటి గొడవ చిరునామా దగ్గర వచ్చింది. సొమ్ము ఎవరికి పంపుతున్నామో చెప్పే చిరునామా నలభైకి పైగా అక్షరాలు, అంకెలు కలిసిన పొడుగాటి వరస. విక్రమ్ దాన్ని కత్తిరించాడు. మొదటి నాలుగు, చివరి నాలుగు, మధ్యలో మూడు చుక్కలు. తెర శుభ్రంగా ఉంటుందన్నాడు. మధ్యలో ఏముందో చూడకుండా సంతకం పెట్టించడం తప్పని నేను అన్నాను. "ఎవరు చదువుతరు మేడం గదంత?" అన్నాడు. ఇంకోసారి అన్నాను. మూడోసారి అనలేదు. మీటింగు పొడుగైంది, ఆకలేస్తోంది, ఊరుకున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో సగం అలా ఊరుకోవడం వల్ల జరిగినవే.

ఎస్తేరు

మా క్లయింట్లలో ఒక పెట్టుబడి సంస్థ ఉండేది. డబ్బు విదేశాలది, దాన్ని నడిపే ఆఫీసు మాత్రం మాకు రెండు గల్లీల అవతల. మా టూల్‌ని నిజంగా ఎవరు ఎలా వాడుతున్నారో చూడాలని ఒక రోజు అక్కడికి వెళ్లాను. మా వృత్తిలో ఇది మంచి అలవాటు. వాడేవాళ్ల పక్కన కూర్చుని, నోరు మూసుకుని, చేతులు చూడాలి.

వాడేది ఎస్తేరు ఒక్కతే. నలభై దాటిన మనిషి, ఆపరేషన్స్‌లో సీనియర్. వారాసిగూడ నుంచి రోజూ బస్సులో వచ్చేది. పెళ్లయి పల్లె నుంచి ఈ ఊరొచ్చాకే డిగ్రీ పూర్తి చేశానని, కంప్యూటర్ కూడా ఇక్కడే నేర్చుకున్నానని చెప్పింది. పని చూస్తే కళ్లు చెదిరేవి. మౌస్ ముట్టుకోకుండా కీబోర్డు మీదే అన్నీ నడిపించేది.

సంతకాల వంతు వచ్చింది. టేబుల్ సొరుగు లాగి, నీలం రంగు బిస్కెట్ డబ్బా తీసింది. మన ఇళ్లలో సూదులూ దారాలూ పెట్టుకుంటామే, అలాంటిది. మూత తీస్తే మూడు పరికరాలు. ఒక్కోదానికి తెల్ల ప్లాస్టర్ చుట్టి, బాల్‌పెన్నుతో పేర్లు రాసి ఉన్నాయి. మూత లోపల అంటించిన చీటీ మీద మూడు పిన్ నంబర్లు.

"ముగ్గురివీ గీడనే ఉంటయా?" అన్నాను.

"ఉంటయ్ మేడం. సార్లకు టైమెక్కడిది? రాజేందర్ సారే పెట్టుమన్నడు. వాట్సాప్‌ల ఓకే అని పెడ్తరు, నేను ఒత్తేస్త." ఏదో తేలిక విషయం చెప్పినట్టే చెప్పింది. రాజేందర్ అంటే ఆ సంస్థ ఆర్థిక వ్యవహారాల పెద్ద, ఆ మూడు సంతకాల్లో మొదటిది ఆయనది. "ఒక్కటే తిప్పల మేడం. ఒక్కొక్కరి పేరు మీద లాగౌట్ అయ్యి మల్ల లాగిన్ కావాలె. మూడు సార్లు. దినమంత గదే పని. జెర గది సులువు చెయ్యరాదుండ్రి?"

నేను నవ్వాను. ఫోటో తీసుకున్నాను. వినియోగదారుల తిప్పలు కళ్లారా చూశానని పొంగిపోయాను.

ఎందుకు నవ్వానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అది నాకు కొత్త కాదు. మన దగ్గర సంతకమంటే పెద్దవాళ్లు పెట్టేది కాదు, పెద్దవాళ్ల పేరు మీద చిన్నవాళ్లు పెట్టేది. రబ్బరు ముద్ర గుమాస్తా దగ్గరుంటుంది. డిజిటల్ సంతకం కోసం కంప్యూటర్‌కు గుచ్చే పుల్ల ఆడిటర్ దగ్గరుంటుంది. నాది కూడా అప్పటికి మూడేళ్లుగా ముషీరాబాద్‌లో మా ఆడిటర్ గారి డ్రాయర్‌లో, ఇంకో వంద మంది పుల్లలతో కలిసి పడి ఉంది. ఆయన దేని మీద ఎప్పుడు సంతకం పెట్టాడో నేను ఒక్కనాడు అడిగింది లేదు. మంచి మనిషే కదా అనుకున్నాను. పెద్దవాళ్లు పని అప్పగించి దానికి నమ్మకమని పేరు పెడతారు. బాధ్యత మాత్రం అప్పగించినట్టు ఎక్కడా కాగితం ఉండదు. తేడా వచ్చిన రోజున ఆ నమ్మకం కాస్తా నమ్మకద్రోహం అవుతుంది, అదీ కింది మనిషి చేసిందే అవుతుంది.

ఆఫీసుకొచ్చి మెయిల్ రాశాను. విక్రమ్‌కి, రాజేందర్ గారికి కలిపి. "మూడు పరికరాలూ ఒకే ఉద్యోగిని దగ్గర ఉంటున్నాయి. ఆమె పని తేలిక చేయడానికి ఒక మార్పు చేద్దాం" అని. డబ్బా ఫోటో జతచేశాను. నేను దాన్ని హెచ్చరికగా రాయలేదు, ఉపాయంగా రాశాను. గంటలో రాజేందర్ గారి జవాబు వచ్చింది. "గుడ్. ఎస్తేర్‌కు ఈజీ అయితే మాకూ ఈజీ. ప్రొసీడ్."

నా గొప్ప బటన్

ఆ బటన్ పేరు "తర్వాతి సంతకం". మొదటి పరికరం పీకి, బటన్ నొక్కి, రెండోది గుచ్చి, పిన్ కొట్టి, మళ్లీ నొక్కితే మూడోది. లాగౌట్ లేదు, లాగిన్ లేదు. ఒకే కుర్చీలో, ఒకే తెర మీద, నిమిషం లోపల ముగ్గురు పెద్దమనుషుల సంతకాలు. విక్రమ్ ఎగిరి గంతేశాడు. ఇంకో ముగ్గురు క్లయింట్లు ఆ బటన్ చూసే మా దగ్గరికి వచ్చారు. అంటే వాళ్ల దగ్గరా డబ్బాలున్నాయన్నమాట. అది కూడా నాకు తట్టలేదు.

నేను అక్కడితో ఆగానా? శనివారాలు క్యాంపస్‌లో గెస్ట్ లెక్చర్ చెప్పేదాన్ని. తార్నాక నుంచి చెట్ల కింద నడుచుకుంటూ వెళ్లి, స్లైడుల మీద ఆ డబ్బా ఫోటో వేసి, "చూడండి, వాడేవాళ్లను గమనిస్తే జవాబు దానంతటదే దొరుకుతుంది" అని పాఠం చెప్పేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. రెండేళ్లపాటు నా బుద్ధితక్కువతనాన్ని ఆదర్శంగా నేర్పాను. ఆ క్లాసుల్లో కూర్చున్నవాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడ ఎలాంటి బటన్లు చేస్తున్నారో తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

సొమ్ము పోయింది

మోసగాళ్లకు ఒక పద్ధతి ఉంది. మీరు తరచూ పంపే చిరునామాను గమనించి, మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు అచ్చం అలాగే ఉండే ఇంకో చిరునామా తయారుచేస్తారు. దాని నుంచి మీకు ఓ చిల్లర మొత్తం పంపుతారు. అది మీ పాత లావాదేవీల వరసలో వచ్చి కూర్చుంటుంది. మళ్లీ పంపాల్సి వచ్చినప్పుడు మీరు ఆ వరసలోంచే ఎంచుకుంటారని వాళ్లకు తెలుసు.

ఎస్తేరు అలాగే ఎంచుకుంది. మేం కత్తిరించిన చిరునామా మీద మొదటి నాలుగూ చివరి నాలుగూ సరిచూసుకుంది. మేం చూపించిందంతా చూసింది, పాపం. రాజేందర్ గారు అలవాటుగా ఓకే అన్నారు, మిగతా ఇద్దరూ అన్నారు. ఎస్తేరు డబ్బా తెరిచి మూడు సార్లు గుచ్చింది. సోమవారం మధ్యాహ్నం అవతలివాళ్లు ఫోన్ చేసి మాకు ముట్టలేదన్నారు. చిన్న మొత్తం కాదు. తిరిగి రాలేదు.

మంగళవారానికల్లా రాజేందర్ గారి కథ సిద్ధమైంది. ఎస్తేరు తమ పరికరాలు దొంగతనంగా వాడిందట. పిన్‌లు ఎలా తెలిశాయో తమకు తెలియదట. వాట్సాప్ ఓకేలు వేరే పని గురించి పెట్టినవట. ముగ్గురూ ఒకటే మాట. ఆమెను సస్పెండ్ చేశారు, పోలీసు ఫిర్యాదు ఇచ్చారు, లోపల ఒక విచారణ కమిటీ వేశారు.

విక్రమ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నేనింకా ఏమీ అడగకముందే మొదలుపెట్టాడు. "మనకేం సంబంధం లేదు మేడం. ఆ డబ్బా సంగతి మనకు తెల్వది." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

"తెల్వకపోవుడేంది? మెయిల్ ఉన్నది గద."

"మెయిల్ సంగతి ఎవరడిగిండ్రు? మీరు ఒక్క లైన్ రిపోర్టు రాసియ్యుండ్రి చాలు. టూల్ డిజైన్ చేసినట్టే పని చేసిందని. అబద్ధం అయితే కాదు కదా?"

అబద్ధం కాదు. అదే నన్ను చంపింది. డిజైన్ చేసినట్టే పని చేసింది. నేను గీసినట్టే, ముగ్గురి సంతకాలు ఒక్క చేత్తో పెట్టించింది.

రాయనని అక్కడే చెప్పాల్సింది. "చూస్తాను" అన్నాను. ఎందుకంటే రిటైర్మెంటుకు మూడు నెలలుంది. కంపెనీ విషయాలు బయట చెప్పనని సంతకం పెట్టి ఉన్నాను, ఆ సంతకం మాత్రం నేనే పెట్టాను. అన్నిటికన్నా పెద్ద కారణం, ఆ బటన్ నాది. మెయిల్ బయటపెడితే రాజేందర్ ఒక్కడే బయటపడడు, నేనూ పడతాను.

శనివారం

ఆ శనివారం క్లాసు అయ్యాక క్యాంపస్‌లో క్యాంటీను దగ్గర ఎస్తేరు నా కోసం నిలబడి ఉంది. నా క్లాసు వేళలు ఎలా తెలుసుకుందో ఏమో. ఇస్త్రీ చీర, చేతిలో ఫైలు, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మేడం, ఆ పొద్దు మీరొచ్చినప్పుడు డబ్బా నా టేబుల్ల బాజాప్తా ఉన్నది. దాసిపెట్టుకుంటె మీకు చూపిస్తనా? మీరొచ్చి ఆ ఒక్క మాట చెప్పుండ్రి. నా తరఫున అబద్ధమేం చెప్పకుండ్రి. చూసింది చెప్పుండ్రి."

"కంపెనీతోని మాట్లాడి చెప్తా," అన్నాను.

"నౌకరి పోతె పోనియ్ మేడం. ఇంకోటి చూసుకుంట. దొంగ అనే పేరుతోని వారాసిగూడల ఎట్ల తిరగాలె? చర్చిల అందరు అడుగుతున్నరు."

"రెండు రోజులు ఆగు ఎస్తేరమ్మా," అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఆమె ఫైలు గుండెకు ఆనించుకుని గేటు వైపు నడిచి వెళ్లింది. నేను టీ తాగి ఇంటికెళ్లాను. అవును, టీ తాగాను. ఇలాంటివి దాస్తే ఇక రాయడమెందుకు?

రెండు రోజులు కాదు, వారం గడిచింది. మళ్లీ శనివారం. పాత స్లైడులే వేసుకుంటూ పోతున్నాను, ఆ డబ్బా ఫోటో తెర మీదికొచ్చింది. వస్తుందన్న ధ్యాసే లేదు నాకు. రెండో వరసలో కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, గవి ముగ్గురివి కదా. ఒక్క డబ్బాల ఎందుకున్నయ్?"

రెండేళ్లలో ఎవరూ అడగలేదు. ముందుగా నేను అడగలేదు. ఆ పిల్లకు వాలెట్ల గురించి పెద్దగా ఏం తెలియదు, ఇంకా నేర్చుకుంటోంది. కళ్లుండి చూసింది, నోరుండి అడిగింది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే. క్లాసు అక్కడితో ఆపేశాను.

కమిటీ గది

సోమవారం విచారణ కమిటీ దగ్గరికి విక్రమ్‌కు చెప్పి వెళ్లాను, అడిగి వెళ్లలేదు. కమిటీలో ముగ్గురు కూర్చున్నారు. ఒక పక్క రాజేందర్ గారు, ఇంకో పక్క ఎస్తేరు. డబ్బా ఫోటో, నా మెయిల్, ఆయన జవాబు, మూడు కాగితాలూ ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. బటన్ ఎలా పనిచేస్తుందో చెప్పాను. చిరునామా ఎందుకు కత్తిరించామో చెప్పాను. "మూడు పరికరాలు ఒక్క మనిషి దగ్గరున్నాయని తెలిసి కూడా ఆ మనిషి పని తేలిక చేశాను. ఆపాల్సిన చోట తోవ వేశాను. ఈ తప్పు నాది. దాన్ని చేయమన్నది రాజేందర్ గారు" అన్నాను.

"మీరెవరి తరఫున వచ్చిండ్రు మేడం?" అన్నాడాయన.

"ఎవరి తరఫున రాలే. గీ జవాబు మీరు రాసిందేనా, కాదా?"

ఆయన కాగితం వైపు చూసి, రోజుకు ఎన్నో మెయిళ్లు వస్తాయని, అన్నీ చదివి జవాబివ్వడం కుదరదని అన్నాడు. చదవకుండా జవాబిచ్చే మనిషికి, చూడకుండా సంతకం పెట్టే మనిషికి అంత పెద్ద కుర్చీ ఎందుకని కమిటీలో ఒక్కరూ అడగలేదు.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. ఎస్తేరు తప్పేమీ లేదని ఒక ఉత్తరం ఇచ్చారు. ఉద్యోగం ఇస్తామన్నారు గానీ ఆమె చేరలేదు. రాజేందర్ గారు ఇప్పటికీ అదే కుర్చీలో ఉన్నారు. విక్రమ్ ఇంకా పెద్ద కంపెనీకి వెళ్లాడు, అక్కడ రెండు క్లిక్కులు చాలంటున్నాడని విన్నాను. నన్ను మూడు నెలల ముందే సాగనంపారు. దాని గురించి నాకు బాధ లేదు, అది గొప్పగా చెప్పుకునే సంగతి కూడా కాదు.

ఆ రోజు కమిటీ గదిలోంచి బయటికి వచ్చాక ఎస్తేరు మెట్ల దగ్గర ఆగింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను. ఇంత జరిగినా నా బుద్ధి అక్కడే ఉంది చూడండి.

"ఆ మెయిల్ మీ తాన ఎప్పటి సంది ఉన్నది మేడం?"

"మొదటి నుంచీ ఉన్నది."

"నేను కాలేజికాడికి వచ్చిన పొద్దు గూడ?"

"ఉన్నది."

ఆమె చాలా మామూలుగా చెప్పింది. "మొన్న బేస్తారం పోలీసులొచ్చిండ్రు మేడం. మా బిడ్డ టెన్త్ పరీక్షకు పోతుండె. గల్లీల దాన్నే ఆపి అడిగిండ్రు, ఎస్తేరు ఇల్లేదని. గదే చూపిచ్చింది." అని మెట్లు దిగి బస్‌స్టాపు వైపు వెళ్లిపోయింది. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు.

పిల్లలూ, ఈ పనిలోకి వస్తే రండి. తెరలు సులువుగా గీయడం నాలుగు నెలల్లో నేర్చుకుంటారు. ఎవరి పని ఎవరి చేత చేయిస్తున్నారో ముందు అడగండి. అడగడం మరిచిపోయి తప్పు చేస్తే, చేశానని తెలిసిన రోజే వెళ్లి చెప్పండి. నేను ఆ మొదటి శనివారమే చెప్పి ఉంటే బేస్తవారం ఆ పోలీసులు వచ్చేవాళ్లు కాదు.